పొయ్యి నేల విడిచిన కథ

తర్కశాస్త్రము చదువ మొదలిడిన విద్యార్థి యెవ్వడైనను మొట్టమొదట అడుగు పెట్టునది వంటింటిలోనికే. పొగ యున్నచోట నిప్పుండుననుటకు మన నైయాయికులు తరతరములుగా చూపుచు వచ్చిన దృష్టాంతము మహానసము, అనగా వంటిల్లు. 17వ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు బాలురకు సుబోధముగ నుండుటకై తర్కసంగ్రహమును రచించినపుడును ఆ దృష్టాంతమునే నిలిపెను. కొండమీద పొగ లేచుచున్నది గనుక అచ్చట అగ్ని కలదు, వంటింటియందువలె నని సిద్ధాంతము. పొగను గూర్చి యింత సూక్ష్మముగ విచారించిన శాస్త్రమున, ఆ పొగలో కూర్చుండి అన్నము వండుచున్నవారెవరు, వారి కన్నులేమగుచున్నవి యను పూర్వపక్షము మాత్రము తల యెత్తలేదు. నేనును ఆ పంక్తిలోనివాడనే. డెబ్బదియేండ్లుగా వంటింటి గుమ్మమున కీవల పీట వేసికొని కూర్చుండి, వడ్డించినది తిని లేచినవాడను.

ఈ విచారము నాకు కలుగుటకు కారణము తాడేపల్లిగూడెములో మా మేనకోడలు కట్టించుకొనుచున్న క్రొత్తయిల్లు. గోడలు లేచి, వంటగది లోపలి పని మొదలైనదినమున నేనచ్చటనే యుంటిని. తాపీమేస్త్రి చేతిలో మట్టపుకఱ్ఱ పట్టుకొని, ఇంటి యజమానివైపు తిరిగి, "గట్టు ఎంతెత్తు లేపమంటారండి?" అని యడిగెను. ఆయన ఫోనులోనుండి తలయెత్తకయే "అందరిళ్ళలో ఎంతుంటే అంత పెట్టెయ్" అనెను. "అయితే మూడడుగులు లేపేస్తానండి" అని మేస్త్రి గోడమీద దారము పట్టబోయెను. టీగ్లాసులు పట్టుకొని గుమ్మములో నిలిచియున్న మా మేనకోడలు నావైపు చూచి, "వండేది నేను కదా మావయ్యా, కొలత ఎవరినడుగుతున్నారు?" అనెను. ఆమె నిలువు అయిదడుగులకు రెండంగుళములు తక్కువ.

ఆ ప్రశ్న నన్ను చాల దూరము వెనుకకు కొనిపోయినది.

వంటిల్లు అను మాటలోనే ఆ చరిత్ర కొంత దాగియున్నది. పూర్వము మనవారు గదిని గూడ ఇల్లనియే వ్యవహరించెడివారు. పడమటిల్లు, పడకటిల్లు అను మాటలిందుకు సాక్ష్యములు. అయినను తాటాకు కప్పుల కాలమున ఈ గోదావరి డెల్టా గ్రామములలో వంట జరుగుచోటు మాటలోనే గాక చేతలోను వేఱిల్లుగనే యుండెను. పెద్దయింటికి ఆగ్నేయమూలను, చూరులు తాకకుండ నాలుగుబారల యెడముతో, మట్టిగోడల చిన్నపాక వేసి దానిలో పొయ్యి పెట్టెడివారు. వాస్తుశాస్త్రము ఆగ్నేయము అగ్నిస్థానమని చెప్పినది గనుక అట్లు చేసితిమని పెద్దలందురు. వైశాఖమాసపు పడమటిగాలి వీచునపుడు ఆగ్నేయమూలనుండి లేచిన నిప్పురవ్వ మిగిలిన యింటిమీద పడక పెరటివైపునకు కొట్టుకొనిపోవుననునది మాత్రము ఎండకాలమున తాటాకిండ్లు తగులబడుట చూచినవారెల్లరు ఎరుగుదురు. శాస్త్రము ముందా, గాలి ముందా యను విచారణలోనికి నేను దిగను. తరువాత కలిగినవారు బంగాళాపెంకు కప్పించి మండువాలోగిళ్ళు కట్టుకొన్నపుడు వంటిల్లు చూరుల క్రిందికి వచ్చి చేరినది గాని, ఆ మూలను మాత్రము విడువలేదు.

మా అమ్మమ్మగారి యింటి పొయ్యి ఏలూరికి నాలుగుకోసుల దూరపు గ్రామములో నుండెను. దానిని ఏటేట ఆమెయే స్వయముగ పెట్టుకొనెడిది. చెరువు ఎండినపుడు తెచ్చిన జిగటమట్టిలో ఊకయు పేడయు కలిపి, కాళ్ళతో త్రొక్కి, రెండు దినములు నాననిచ్చి, అరచేతితో నునుపుచేయుచు గుఱ్ఱపునాడా యాకారమున గోడ పెంచి, పైన మూడు గడ్డలు నిలిపెడిది. గడ్డలకు నడుమ సందు ఎక్కువైనచో మంట వృథా, తక్కువైనచో పొగ లోనికి తన్నును. ఆ సందు ఆమెకు మూడు వ్రేళ్ళ కొలత. ప్రక్కనే కోడుపొయ్యి. పెద్దపొయ్యిలోని మంట దానిలోనికి పాకి, అన్నము ఉడుకునంతలో పప్పు వేఱొక పుల్ల ఖర్చులేక యుడికిపోవును. పెరటిలో దాలిగుంట, దానిలో పిడకల నివురుమీద పాలు ఉదయమునుండి మధ్యాహ్నమువరకు కాగి, ఎఱ్ఱని మీగడ కట్టును. ప్రతి వేకువను పొయ్యిని అలికి ముగ్గు వేసినగాని అగ్గి రాజేయరాదు. అలికిన పొయ్యికి బీటలు పడవు గనుక ఆ ఆచారమునకు పూజతోపాటు మరమ్మతు అనుపేరు గూడ చెల్లును.

ఆ పొయ్యి ముందు పీటమీద కూర్చున్న మనిషికి సమస్తము చేతియందుబాటులో నుండెను. కుడిచేతివైపున ఊదుడుగొట్టము, పట్టకారు, ఎడమవైపున ఉప్పుజాడి, పోపులపెట్టె, మోకాలివద్ద కత్తిపీట, తలపై ఉట్టిలో పెరుగు, వెనుకనున్న గూటిలో చింతపండు, నూనెచెంబు. లేవనక్కరలేదు. 1926లో జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున కార్మికుల యిండ్లకొఱకు మార్గరెటె షూట్టే లిహోట్‌స్కీ యను ఆస్ట్రియా దేశీయురాలు రైలుబండి వంటపెట్టెలను చూచి, అడుగుల లెక్క కట్టి, 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవుగల వంటగదిని కల్పించినదనియు, నేటి మాడ్యులర్ కిచెన్లన్నియు దాని సంతానమే యనియు గృహనిర్మాణ చరిత్రకారులు చెప్పుదురు. అప్పటికి తాను వంట చేసి యెరుగనని ఆమెయే యుత్తరోత్తర చెప్పుకొన్నది. మా అమ్మమ్మ వండియే యెరుగును, గీతలు గీయుట యెరుగదు. చేతిచాపు మేర గీసిన అర్ధచక్రము ఆమె పటము.

అట్లని ఆ వంటింటిని స్వర్గమని వర్ణించుటకు నాకు నోరాడదు. నేలమీద పొయ్యి యనగా పొగ సరిగా ముఖముమీదికి, మంట సరిగా చీరకుచ్చెళ్ళ మీదికి, ప్రాకుచున్న బిడ్డ సరిగా కాగుచున్న యెసరుమీదికి. ఆ యింట పొయ్యిచుట్టును జానెడు మట్టికట్ట యుండుట, పసివారి నడుమునకు పాతచీరతో మంచపుకోటికి కట్టివేయుట, ఇవే బిడ్డల రక్షణకు చేసిన యేర్పాట్లు. అయినను పిల్లలకు అంతకన్న ఇష్టమైన చోటు ఇంటిలో వేఱొకటి లేదు. వంటయైన తరువాత అమ్మమ్మ అచ్చటనే కూర్చుండి గిన్నెలోని అన్నమంతయు ఒక్కటిగా కలిపి, చుట్టును చేరిన ఏడెనిమిదిమందికి చేతిలో ముద్దలు పెట్టెడిది. ఎత్తుగట్టు వంటగదులలో ఆ వలయము కూర్చుండుటకు చోటు చాలదు. కుటుంబమనగా ఒక్క పొయ్యి కుడుచువారని మనవారి లెక్క. అన్నదమ్ములు వేఱుపడుట యనగా వేఱుపొయ్యి పెట్టుటయే. జనాభాలెక్కలవారును ఒకే వంటశాలనుండి భుజించువారినే ఒక కుటుంబముగ గణింతురు. అదేవేళ ఆ గడప మడి పేరిట ఎందఱిని బయట నిలిపినదో గూడ మరువరాదు. వడ్లు దంచి బియ్యము చేసిన చేతులు ఆ బియ్యము కడిగిన కుండను తాకగూడని వంటిండ్లు ఈ సీమలో నెన్ని యుండెనో లెక్కింప నెవరితరము?

ఈ సీమ వంటింటిని తీర్చినది మేస్త్రియు కాదు, శాస్త్రియు కాదు; కట్టెయు నీరును. 1847లో మొదలై 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియయ్యెను. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణ ఆనకట్టయు లేచెను. గోదావరి నీరు ఒకవైపునుండి, కృష్ణ నీరు వేఱొకవైపునుండి కాలువలలో వచ్చి ఏలూరిలో కలిసికొనెను. ధవళేశ్వరమున ఆనకట్ట కట్టించిన కాటను దొరగారిని ఈ సీమవారు నేటికిని తలచుకొనుట న్యాయమే. కాని ఆ నీటితోపాటు బీళ్ళు, పొదలు, బంజరులు సమస్తమును వరిచేలైపోయినవి. అన్నమునకు కొఱత తీరినది, అన్నము వండుటకు కట్టె కఱవైనది. మెట్టసీమ స్త్రీ కొడవలి పట్టుకొని పోయి కంప కొట్టుకొని వచ్చును. డెల్టాలో కొట్టుకొనుటకు కంప యేది? అందుచేత తాటిమట్ట, తాటాకు, కొబ్బరిడొక్క, కందికట్టె, జనుపకట్టె, పేడపిడక యన్నియు పొయ్యిపాలయ్యెను. పేడ చేనికి పోవలెనా పొయ్యికి పోవలెనా యను తగవు ప్రతి కాపుయింటను మగవానికి ఆడుదానికి మధ్య జరిగెడిదే. దండిగా కట్టెలు కావలసిన పెండ్లిండ్లకు మాత్రము పడవలమీద కాలువదారిని కట్టెలు వచ్చెడివి. అప్పుడు పెరటిలో బారెడు గాడిపొయ్యి త్రవ్వెడివారు.

వానకాలము వచ్చెనా, ఇక ఆ కష్టము చెప్పనలవి కాదు. శ్రీకృష్ణదేవరాయలు చక్రవర్తియై యుండియు ఆముక్తమాల్యదలో జడివాననాటి వంటింటి పాట్లను, నిప్పుకొఱకు ఇల్లిల్లు తిరుగుటను, అంటుకొనని కట్టెను, అన్నముకన్న ముందు నిండు పొగను వర్ణించినాడు. ఆ కావ్యములోని విష్ణుచిత్తుని యింట, వండు భార్య కన్నులలో పొగ చొరకుండ కొబ్బరిచిప్పలు మండించిరట. ఆ మహారాజునకు వంటింటి సంగతి యెవరు చెప్పిరో గాని, చెప్పినవారు స్త్రీలయియుందురు.

కట్టెకఱవునకు కొంత ఉపశమనము ఎదురుచూడని వైపునుండి వచ్చినది. 1890ల దశకమున బెజవాడనుండి గోదావరివైపు రైలు నడచినది. తరువాత ఏలూరు, తాడేపల్లిగూడెము, నిడదవోలు స్టేషన్ల చుట్టుపట్టుల బియ్యపుమిల్లులు లేచినవి. 1925లో ఏలూరు ముఖ్యపట్టణముగ పశ్చిమగోదావరి జిల్లా యేర్పడునప్పటికే వడ్లు రోటినుండి మరకు పోవుట మొదలైనది. ఇంటింట నుండిన దంపుళ్ళసావిడి క్రమముగ పాతసామానుల కొట్టుగదిగ మారెను. రోకటిపోటుతో పొట్టపోసికొనిన కూలిస్త్రీల బ్రతుకు ఆ మార్పువలన ఏమైనదో మన గ్రంథములలో చాలినంతగ వ్రాయబడలేదు. అది వేఱు వ్యాసమునకు విషయము. మిల్లుచెంత కొండలవలె పడియున్న ఊక మాత్రము బండ్లకెత్తుకొని వంటిండ్లకు చేరినది.

ఊకపొయ్యి పెట్టుట ఒక విద్య. పైమూత కోసివేసిన కిరసనాయిలు డబ్బాకు అడుగున ప్రక్కగా గుప్పెడు కన్నము చేయుదురు. డబ్బానడుమ రోకలి నిలిపి, కన్నములోనుండి వేఱొక గుండ్రని కఱ్ఱను దాని మొదలికి తాకునట్లు దూర్చి, చుట్టును ఊక పోసి పిడికిలితో గట్టిగ కూరవలెను. కూరుటలోనే రహస్యము. వదులైన కూలును, మరీ బిగిసిన అంటుకొనదు. ఆపై రోకలిని మెల్లగ త్రిప్పుచు పైకి, కఱ్ఱను ఈవలకు లాగివేసినచో ఊకలో సొరంగమువంటి మార్గము నిలుచును; క్రిందికన్నములో కిరసనాయిలు గుడ్డపీలిక వెలిగించి త్రోసినచో, సన్నని నీలిమంట సొరంగమంతయు ప్రాకి, రెండుగంటలసేపు ఊదుట లేక, కదపుట లేక ఒక్కతీరున మండును. పులుసు మరుగుచుండును, ఇల్లాలు ప్రక్కనే బియ్యమేరుకొనుచుండును. కాని ఆ డబ్బాకు కాలు తగిలెనా, ఊకగోడ గుబాలున కూలి పొయ్యి చచ్చును. నేనొకమారు దాగుడుమూతలాటలో పరుగెత్తి తన్నుకొంటిని. సగముడికిన గుమ్మడికాయపులుసు, పైన మా పెద్దమ్మ తిట్లు, ఈ రెండింటి రుచియు నాకింకను జ్ఞాపకమున్నది.

కొల్లేరు సరస్సులోని లంకల వంటయిల్లు వేఱొక తీరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిపోసిన నీరు ఉప్పుటేరుదారిని సముద్రమునకు జారులోపల లంకలను చుట్టుముట్టి, దిబ్బలమీది యిండ్ల గుమ్మములు తాకును. నేలకు అతికిన మట్టిపొయ్యి నీటికి రెండుదినములలో కరగి బురదయగును. అందుచే లంకవారింట అతుకుపొయ్యితోపాటు ఎత్తుపొయ్యియు ఉండితీరవలెను. చేతులతో పట్టి యెత్తుకొని పోవుటకు వీలైనది, కుండవలె కాల్చిన మట్టిది. నీరు గుమ్మమెక్కినపుడు అది అరుగుమీదికి, అరుగు మునిగినపుడు మంచముమీదికి, మంచమును విడువవలసినపుడు దోనెలోనికి ఎక్కును. తాటిమొద్దు తొలిచిన దోనెలో అన్నము వార్చుకొని తినిన వృద్ధులు ఆ ప్రాంతమున నేటికిని కలరు. కప్పు కిక్కిసగడ్డి, చాప తుంగ, పొయ్యిలోనికి ఎండిన కిక్కిసదుబ్బు. చుట్టును కనుచూపుమేర నీరే యైనను, ఎండకాలమున త్రాగుటకు పనికివచ్చు నీటిని దోనెమీద వెళ్ళి తెచ్చుకొని, ఇండుపగింజ అరగదీసి తేర్చుకొనవలసివచ్చెడిది.

బూడిద యెంతటి సరకో తెలియవలెనన్న ఆ వంటింటికే పోవలెను. కొఱ్ఱమీను చేతిలో నిలువని చేప. పొయ్యిలోని చల్లారిన బూడిదను రెండుచేతులకు రాచుకొని తలవద్ద బిగించిపట్టినగాని కత్తిపీటకు లొంగదు. ఆ బూడిదయే గిన్నెలు తోముటకు, విత్తనపు కందులలో పురుగుపట్టకుండ కలుపుటకు, బెండపాదులమీద చల్లుటకు, పండ్లు తోముటకు. పొయ్యి అన్నమొక్కటియే యిచ్చెడిది కాదు. తరువాతి కాలమున కొల్లేటి చెఱువులు, చేపలవ్యాపారము, 1999లో అభయారణ్యప్రకటన, 2002లో రామ్‌సర్ గుర్తింపు, 2006లో చెఱువుగట్ల కూల్చివేత అన్నియు ఆ లంకల జీవనమును తలక్రిందులు చేసినవి. ఆ కథ చాల పెద్దది, నా వ్యాసము పొయ్యివద్ద ఆగవలసినది.

పొగనుగూర్చి ఒక తెలుగువాడు నిజముగ శ్రమించెనని చెప్పుట ధర్మము. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున పనిచేసిన ఎస్.పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దానిపై పుస్తకమును ప్రకటించిరి. మంట మొదటిపాత్ర క్రిందనుండి మట్టిసొరంగముగుండ రెండవ, మూడవ పాత్రల క్రిందికి పోయి, మిగిలిన పొగ గొట్టమెక్కి కప్పుపైకి పోవుట దాని సూత్రము. మా అమ్మమ్మ కోడుపొయ్యికి అది విద్వాంసుడైన మనుమడని చెప్పవచ్చును. 1983లో కేంద్రప్రభుత్వము మెఱుగుపఱచిన పొయ్యిల జాతీయపథకమును పెట్టినది. ఊళ్ళలో అవి నిలువకపోవుట కేదో మూఢత్వము కారణమని కొందఱు వ్రాయుదురు, నేనొప్పుకొనను. తాటాకుకప్పులో, కిక్కిసకప్పులో కాలుచున్న గొట్టమును దూర్చుకొనుటకు ఏ యిల్లాలు ధైర్యము చేయును? ఆ పొయ్యి పెంకుటింటికొఱకు పుట్టినది; పొగ యెక్కువగ నున్నది పూరింట.

ఇక పొయ్యి నేలవిడిచిన ఘట్టము. పంపుకొట్టు కిరసనాయిలు స్టవ్వు పట్టణములకు ముందే వచ్చినను, దానిని గూడ నేలమీద పెట్టి పీటవేసికొని కూర్చుండియే వండిరి. 1955లో బొంబాయిలో బర్మాషెల్లువారి బర్షేన్ వంటగ్యాసు, 1965లో ఇండేన్ బయలుదేరి, కొంతకాలమునకు ఏలూరి డాక్టర్ల, ప్లీడర్ల యిండ్లకు ఎఱ్ఱసిలిండరు దిగినపుడు మాత్రము సంగతి మాఱెను. ఆ వాయువు గాలికన్న బరువైనది, కారినచో నేలమీద పఱచుకొనును. అందుచే సిలిండరు నేలపై నిలువుగ నుండవలెననియు, పొయ్యి దానికన్న ఎత్తున నుండవలెననియు కంపెనీవారి నిబంధన. అంతట ఇండ్లలో ఇటుకకాళ్ళు కట్టి, పైన కడపబండ పఱచి, దానిపై స్టవ్వు పెట్టిరి. వేలయేండ్లుగ కూర్చుండి వండిన స్త్రీ ఆ దినమున లేచి నిలుచున్నది. ఆమె నడుము నొప్పి చూచి యెవరును గట్టు కట్టలేదు. సిలిండరు ఎత్తు చూచి కట్టిరి. 1999లో దీపము పథకము పేరిట స్వయంసహాయక సంఘాల స్త్రీలకు గ్యాసు కనెక్షన్లిచ్చినపుడు, గట్టులేని పాకలలో విఱిగిన బల్లమీదను, పేర్చిన యిటుకలమీదను స్టవ్వు పెట్టుకొనిరి. పొగ పోయినది. బూడిదయు పోయినది, గిన్నెలపొడి కొనుట మొదలైనది.

గట్టు వచ్చిన తరువాత రుబ్బురోలు మిక్సీగ మాఱి దానిపై కెక్కినది, సన్నికల్లు పెరటిలో నూతిగట్టు ప్రక్కకు చేరినది. కత్తిపీటకు మాత్రమే ఎచ్చటను చోటు దొరకలేదు. అది కూర్చున్న మనిషి పనిముట్టు. కడపబండ గ్రానైటయ్యెను, గూళ్ళకు తలుపులు వచ్చినవి, పొగయే లేని గదికి పొగ పీల్చు చిమ్నీ బిగించుచున్నారు. అన్నంభట్టు నేడున్నచో దృష్టాంతము మార్చుకొనవలసియుండెడిది.

మా మేనకోడలి గట్టు సంగతి యేమైనదో చెప్పవలెను. మేస్త్రిని ఆపి, ఆమెను గోడకానుకొని చెప్పులు విడిచి నిలుచుండుమంటిని. మోచేయి మడువగా ఆ చోట ఇటుకముక్కతో గీత గీసి, దానికి అయిదంగుళములు దిగువను వేఱొక గీత గీసితిమి. టేపు పెట్టి చూడగా ముప్పదియొకటిన్నర అంగుళములు. మేస్త్రి కొంతసేపు చూచి, "నలభై ఏళ్ళబట్టి గట్లు కడతన్నానండి, మా ఇంటిదాన్ని ఎప్పుడూ ఇలా నిలబెట్టలేదు" అనెను.

మధ్యాహ్నము ఆమె అత్తగారు కైకలూరువైపు లంకగ్రామమునుండి బస్సు దిగి వచ్చెను. పటము చూపిన చూడలేదు. గోనెసంచి విప్పి, గడ్డిలో చుట్టిన ఎత్తుపొయ్యిని తీసి, "ఇది ఎక్కడ పెడతావే కోడలా?" అనెను. "గ్యాసుంది కదండీ అత్తయ్యగారూ" అనగా, "గ్యాసుంటే ఉండనియ్యి" అనెను. కిటికీ దిగువను కత్తిపీట వేసికొనుటకు జానెడెత్తు అరుగొకటియు గావలెనని ఆమెయే చెప్పినది. పొయ్యి వెడల్పును మేస్త్రి జానతో కొలిచి, అటకబల్ల నాలుగంగుళములు ముందుకు జరిపి, పెన్సిలు చెవిమీద పెట్టుకొనెను.